తేలిందంటే ఎక్కణ్ణించి తేలింది?

నా సిద్ధాంత గ్రంథం ప్రతి ఒకటి గుంటూరులో ఉండే ఒక పెద్దావిడకి పంపించాను. ఎనభై దాటాయి ఆవిడకి. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పది రోజుల తర్వాత ఫోన్ చేశారు. మెచ్చుకుంటారనుకుని సంబరంగా ఎత్తాను. “అమ్మాయ్, నూటపన్నెండో పేజీలో ‘పరిశోధనలో తేలింది’ అని రాశావు. తేలిందంటే ఎక్కణ్ణించి తేలిందే?” అన్నారు.

1930ల నాటి ఒక స్త్రీల పత్రికలో మారుపేరుతో కథలు రాసిన ఒకామె అసలు ఎవరన్నది ఆ పేజీలో విషయం. ఆ సంగతి నాకు ఏ గ్రంథాలయంలోనూ దొరకలేదు. ఆ రచయిత్రి ఈ పెద్దావిడ తల్లికి స్నేహితురాలు. మూడు సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి, కాఫీలిచ్చి, ట్రంకుపెట్టెలోంచి పాత పోస్టుకార్డు తీసి చేతిరాత చూపించి, ఎవరు ఎవరో విడమరిచి చెప్పింది ఈవిడే. నేనేమో ‘పరిశోధనలో తేలింది’ అని రాసి ఊరుకున్నాను. వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకులు ప్రత్యేకంగా అభినందించింది కూడా ఆ పేజీనే. ఎక్కణ్ణించి తేలిందని వాళ్ళు అడగలేదు. అడగాలని వాళ్ళకి తోచలేదు, చెప్పాలని నాకూ తోచలేదు. అలా తోచకుండా మమ్మల్ని తయారుచేసిన చదువు గురించే ఈ వ్యాసం.

మన తెలుగు శాఖల్లో థీసిస్ తెలుగు అని ఒక భాష ఉంది. ‘తేలింది’, ‘గమనించవచ్చు’, ‘పలువురు విమర్శకులు అభిప్రాయపడ్డారు’, ‘సాహితీలోకానికి విదితమే’. ఈ వాక్యాలకి కర్త ఉండడు. ఉన్నా ‘పలువురు’ అనే గుంపులో తప్పిపోయి ఉంటాడు. నిష్పాక్షికత కోసం అలా రాయాలని నాకు నేర్పారు. ‘నేను’ అనకూడదన్నారు, బాగానే ఉంది. కానీ ‘నేను’తో పాటు ‘ఆమె’ కూడా పోయింది. ఎవరు వెతికారు, ఎవరు చెప్పారు, ఎవరు ముందుగా ఆలోచించారు అనేవన్నీ ఆ వాక్యాల్లో మునిగిపోతాయి, ఫలితం ఒక్కటే పైకి తేలుతుంది. పేరున్నవాళ్ళకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. ‘ప్రసిద్ధ విమర్శకులు’ అంటే ఎవరో అందరికీ తెలుసు. పేరు లేనివాళ్ళకి మాత్రం ఆ ఒక్క పాదసూచికే ఆధారం. అది కూడా తీసేస్తే ఇక వాళ్ళు లేనట్టే.

2018లో యు.జి.సి. గ్రంథచౌర్య నిరోధానికి నిబంధనలు తెచ్చింది. ఇంకొకరి పనిని గానీ ఆలోచనను గానీ తనదిగా చెప్పుకోవడమే చౌర్యమని అందులో నిర్వచించారు. మంచి నిర్వచనం, నాకేమీ పేచీ లేదు. శిక్షల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆలోచన మాయమై శాతం మిగిలింది. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలలు మించకుండా సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ లెక్కలు వచ్చిన దగ్గర్నించి నా దగ్గరకొచ్చే విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. ‘ఇది ఎవరిది, ఎలా చెప్పాలి?’ అని అడిగేవాళ్ళు తక్కువ. “మేడమ్, ఎంత శాతం దాకా పర్లేదు?” అనే అందరూ. పోలిక తగ్గించడం కోసం ‘స్త్రీవాదం’ అన్న చోటల్లా ‘వనితావాదం’ అని మార్చుకొచ్చిన అమ్మాయిని చూశాను. అక్షరమ్ముక్క తనది కాని అధ్యాయం అది. 8 శాతం వచ్చింది.

2019లో విశ్వవిద్యాలయాలకి ఈ పోలికలు చూసే సాఫ్ట్‌వేర్‌ని ‘శోధ్‌శుద్ధి’ పేరుతో ఇవ్వడం మొదలుపెట్టారు. (శుద్ధి అనే మాట వింటే నాకు మడిబట్టే గుర్తొస్తుంది. తడిపి ఆరేసినంత మాత్రాన మురికి పోయిందని నమ్మే ఆచారం అది కూడా.) ఆ ఏడే నేను థీసిస్ ఇచ్చాను. మనలో చాలామంది థీసిస్‌ల్లాగే నాదీ డి.టి.పి. సెంటర్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కంపోజయింది. మన కంటికి అది తెలుగు. యంత్రానికి మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాలు, మధ్యలో గుర్తులు. యూనికోడ్‌లో ఉన్న తెలుగుతో దాన్ని పోల్చడం ఆ యంత్రం వల్ల కాదు. పైగా మన విమర్శ గ్రంథాల్లో చాలావాటికి అచ్చుప్రతి తప్ప వేరే రూపమే లేదు, ఉన్నవాటిలోనూ కొన్ని స్కాన్ చేసిన బొమ్మలే. నాకు 2 శాతం పోలిక వచ్చింది. ‘చాలా శుభ్రంగా ఉందమ్మా’ అని కాగితం చేతికిచ్చారు. ఆ కాగితానికి నూటపన్నెండో పేజీ సంగతి ఏం తెలుసు?

ఇంగ్లీషు పుస్తకంలోంచి ఒక అధ్యాయం మొత్తం తెలుగులోకి దించుకున్నా ఆ యంత్రానికి మామూలుగా చిక్కదు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి ఇంకో ముచ్చట కూడా తీర్చింది. అడగ్గానే లేని పుస్తకాలకి కూడా ప్రచురణకర్తతో, సంవత్సరంతో సహా చక్కని ఆకరాలు తయారుచేసి ఇస్తుంది. మొన్న ఒక విద్యార్థిని వ్యాసంలో నాకు బాగా తెలిసిన రచయిత్రి పేరు మీద ఆమె ఎన్నడూ రాయని పుస్తకం కనిపించింది. ఉన్నవాళ్ళ పేర్లు ఎగ్గొట్టడం అయింది, ఇక లేని పుస్తకాలు అంటగట్టడం.

ఏ శాతానికీ చిక్కని దొంగతనం ఒకటి నేను స్వయంగా అనుభవించాను.

2013లో ఎం.ఫిల్. చేస్తున్నాను. పాత పత్రికల్లో స్త్రీలు రాసిన కథల జాబితా తయారుచేయడం నా పనిలో భాగం. దానికోసం అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళాను. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, పాత పత్రికల మీద పనిచేసేవాళ్ళకి పుట్టిల్లు. చీరాలలో తెలిసినవాళ్ళింట్లో ఉండి రోజూ ఆటోలో వెళ్ళేదాన్ని. పందొమ్మిది రోజులు. మంచి కెమెరా ఉన్న ఫోన్ లేదు నాకు, అంతా చేత్తోనే ఎక్కించుకున్నాను. కథ పేరు, రచయిత్రి, సంపుటం, నెల, పేజీ. మూడువందల పైచిలుకు కథలు. ముట్టుకుంటే పెళుసులుగా రాలే కాగితాలు, ఆ దుమ్ముకి తుమ్ములు, సాయంత్రానికి పట్టేసే మెడ. నోటుపుస్తకంలో నెలల పేర్లకి పొడి అక్షరాలు వాడాను. ‘జ’ అంటే ఒకచోట జనవరి, ఒకచోట జూన్. టైపు చేయించేటప్పుడు ఒక కథ దగ్గర పొరబడ్డాను. జూన్ కథకి జనవరి అని పడింది. ఎవరూ గమనించలేదు, నాతో సహా.

2015లో ఒక జాతీయ సదస్సు వ్యాస సంకలనం తిరగేస్తుంటే మా గైడుగారి పత్రం కనిపించింది. అందులో నా పట్టిక ఉంది. నేను రచయిత్రులను విడదీసి చూసిన వరస అదే, వాటి మీద నా వ్యాఖ్యల సారం అదే, మాటలు వేరు. పాదసూచికలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి! సంపుటం, సంచిక, పేజీ సహా అన్నీ మూల పత్రికలకే. ఆయన ఆ పత్రికలను చూశారని చదివినవాళ్ళు అనుకుంటారు. ఆ ఒక్క కథ దగ్గర ‘జనవరి’ అని ఉంది. సంపుటం తెరిచి చూసిన మనిషెవరూ జనవరి అని రాయరు. నా కలం జారిన చోట ఆయన కూడా జారారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి, ఎందుకంటే తరగతిలో దీన్ని సరిగ్గా చెప్పరు. ఆకరం ఇవ్వకపోవడమే చౌర్యం అనుకుంటాం. ఆకరం ఇచ్చి కూడా దొంగిలించవచ్చు. మూలాన్ని తవ్వి తీసిన మనిషి భుజం మీదుగా చూసి, ఆ మూలాన్నే నేరుగా ఉదహరించి, మధ్యలో ఉన్న మనిషిని తుడిచేయడం అన్నమాట. మూలాన్ని మనం చూడనప్పుడు ‘ఫలానా వారి వ్యాసం ద్వారా’ అని రాయాలి. రాస్తే మనం వేటపాలెం వెళ్ళలేదని తెలిసిపోతుంది, అందుకే రాయం. ఈ దొంగతనంలో పాదసూచికలు ఎంత ఎక్కువుంటే దొంగ అంత పండితుడిలా కనిపిస్తాడు.

వెళ్ళి అడిగాను. చేతులు వణుకుతున్నాయని గుర్తు. ఆయన కోప్పడలేదు. “చూడమ్మా, నా దగ్గర చేసిన పని నాది కాదా? అయినా నీ పేరు వేశాను, చూసుకోలేదా?” అన్నారు. చూశాను. వ్యాసం చివర చిన్న అక్షరాల్లో ‘డి.టి.పి. పనిలో సహకరించిన నా విద్యార్థినికి ఆశీస్సులు’ అని ఉంది. పేరు కూడా లేదు. ఆయన పేరు ఇప్పుడు నేను రాయను. రాస్తే ఇదంతా ఇద్దరి మధ్య తగువైపోయి, మిగిలినవాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

నేను ఫిర్యాదు చేయలేదు. పిహెచ్.డి. కాగితాల మీద ఆయన సంతకం కావాలి. మా బ్యాచ్ అబ్బాయిల పనీ ఇలాగే పోయింది, ఆడపిల్లలదే పోతుందని అబద్ధం చెప్పను. కానీ వాళ్ళలో ఒకరిద్దరికి తర్వాత సహరచయితలుగా పేరొచ్చింది. సాయంత్రాలు ఆయనతో టీ తాగి, సదస్సులకి ఒకే రైల్లో వెళ్ళే చనువు వాళ్ళకి కుదిరింది. నేను ఆ చనువు తీసుకుంటే పడే పేరు ఇంకొకటి.

2018 నిబంధనల ప్రకారమైతే నా ఫిర్యాదు ముందు వెళ్ళేది శాఖాస్థాయి సంఘానికి. దానికి అధ్యక్షుడు విభాగాధిపతి. ఆయన మీదే ఫిర్యాదైతే పై సంఘం చూస్తుంది, అది ఒప్పుకుంటాను. తోటి ఆచార్యుడి మీద అయితే మాత్రం ముప్ఫై ఏళ్ళుగా పక్క పక్క గదుల్లో ఉన్న మనిషే విచారించాలి. అవే నిబంధనల్లో ఇంకోటి ఉంది. తన దగ్గర పరిశోధన చేసినవాళ్ళ పనిలో చౌర్యం లేదని పర్యవేక్షకుడు ధ్రువపత్రం ఇవ్వాలి. విద్యార్థిని దొంగ కాదని గురువు సంతకం పెట్టాలి, సరే. గురువు తన విద్యార్థినుల పని వాడుకోలేదని ఎవరు సంతకం పెడతారు? ఆ కాగితం నిబంధనల్లో లేదు. ఉండాలంటాను. పర్యవేక్షకుడు పదోన్నతికి చూపించే ప్రతి పత్రానికీ, ఆ ఏళ్ళలో ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు చూసి సంతకం చేసిన కాగితం జతపరచాలంటాను. నవ్వుతారని తెలుసు. మనం ఇచ్చే కాగితాల మీద ఎవరూ నవ్వరేం?

ఈ పేర్లూ పాదసూచికలూ పాశ్చాత్యుల గోల అనీ, మన సంప్రదాయంలో జ్ఞానం అందరిదీ అనీ ఒక వాదన ప్రతి సదస్సులోనూ వినిపిస్తుంది. సాధారణంగా ఎవరి పేరూ చెప్పకుండా మాట్లాడేవాళ్ళే అంటారు ఈ మాట. క్రీస్తుశకం 900 ప్రాంతంలో రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ఇతరుల మాటలను, భావాలను హరించడం గురించి అధ్యాయాలకు అధ్యాయాలు రాశాడు. అందులో తన భార్య అవంతీసుందరి అభిప్రాయాన్ని ఆమె పేరుతోనే ఇచ్చాడు. హరించేవాడు తనకు తాను చెప్పుకునే కారణాలు ఆమె ఏకరువు పెడుతుంది: వాడు అనామకుడు, నేను ప్రసిద్ధుణ్ణి, వాడికి ప్రతిష్ఠ లేదు, నాకుంది, వాడి మాట తిప్పతీగ, నాది ద్రాక్ష. ఇలాంటివి ఉంటే హరించవచ్చన్నట్టే పైకి ఉంటుంది ఆ మాట. నాకు మాత్రం ఎగతాళిలాగే వినిపిస్తుంది. ఆ మొదటి రెండు కారణాలు నేను మా గైడుగారి గదిలో విన్నవే. అవంతీసుందరి రాసిన గ్రంథమేదీ మనకు దక్కలేదు. భర్త పేరు చెప్పి ఉదహరించాడు కాబట్టి, తర్వాత హేమచంద్రుడు కూడా తన దేశీపదాల నిఘంటువులో ఆమెను తలిచాడు కాబట్టి, పదకొండు వందల ఏళ్ళ తర్వాత ఆమె గురించి నేను ఒక పేరా రాయగలుగుతున్నాను. రాజశేఖరుడు ‘అని కొందరు’ అని ఊరుకుని ఉంటే?

తీసేస్తే ఏమవుతుందో కూడా మన దగ్గరే ఉంది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ 1887లో వెంకటనరసు పరిష్కరణలో అచ్చయినప్పుడు ఆమె తన గురించి, తన ముందుతరం గురించి చెప్పుకున్న అవతారికే లేదు. మూలం దొరకబుచ్చుకుని, వదిలేసినవి చేర్చి, 1910లో వావిళ్ళవారి ద్వారా మళ్ళీ వేయించింది బెంగుళూరు నాగరత్నమ్మ. మర్నాటి ఏడు బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది, 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు. నిషేధం గురించి అందరం రాస్తాం, నేనూ రాశాను. అవతారిక ఊడగొట్టడం గురించి ఎంతమందిమి రాశాం? పద్యాలు ఉంచుకుని ఆ మనిషిని పక్కన పెట్టడం అశ్లీలమని ఎవరికీ అనిపించలేదు.

ఇంతవరకూ చదివి మన పత్రిక పాఠకులు సంతోషంగా తలూపుతుంటారు. ఇప్పుడు మన ఇంటి సంగతి.

మనం, అంటే స్త్రీవాద పరిశోధకులం, రాసే పత్రాలు తీసి చూడండి. ఫూకో పేరు ఉంటుంది, స్పివాక్ పేరు ఉంటుంది, పేజీ సంఖ్యతో సహా. పొలంలో కూర్చుని నలభైమంది కూలి ఆడవాళ్ళ మాటలు రికార్డు చేసుకొచ్చి, తన కులంలో తానే మొదటిసారి ఎం.ఫిల్. చేసిన ఒక దళిత అమ్మాయి అముద్రిత సిద్ధాంత వ్యాసం మాత్రం ‘ఇటీవలి ఒక అధ్యయనం’ అయిపోతుంది. దేశం దాటిన పేర్లకి పాదసూచిక, జిల్లా దాటని పేర్లకి ‘ఒక అధ్యయనం’. ఆ వ్యాసంలోంచి తీసిన ముక్కలు ఇంగ్లీషులోకి మారి, ఇంకో విశ్వవిద్యాలయంలో, ఇంకో దేశంలో సిద్ధాంతమవుతాయి. తెలుగులో ఉన్నది ముడిసరుకు, ఇంగ్లీషులో రాసిందే జ్ఞానం అన్నట్టుగా ఉంటుంది మన వ్యవహారం. ఆ అమ్మాయిని ఒక సభలో కలిశాను. “మేడమ్, నా వాళ్ళ మాటలు పుస్తకంలోకి ఎక్కాయి, నేనే ఎక్కలేదు” అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వుకి ఎదురుగా నిలబడడం కష్టం.

జానపద గేయాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాడినావిడ చరణం మార్చి, తన కూతురి కష్టం కలిపి పాడితే, మనం ‘అజ్ఞాత కర్తృకం’ అని రాసుకుంటాం. ఆవిడ మన ఎదురుగానే కూర్చుని ఉంటుంది. అనుబంధంలో వక్తల పట్టిక ఇస్తాంగా అంటారు. పేరు, వయసు, ఊరు, కులం. అది జనాభా లెక్కల కాగితంలా ఉంటుంది. ఏ మాట ఎవరిదో అందులో ఉండదు.

సమష్టి జ్ఞానం మీద వ్యక్తుల పేర్లు తగిలించడం ఆస్తి మనస్తత్వం కాదా అని ఒక స్నేహితురాలు నాతో వాదించింది. గట్టి ప్రశ్నే. దానికి సమాధానం నా బుర్రలోంచి రాలేదు, ‘మనకు తెలియని మన చరిత్ర’ చూస్తే దొరికింది. 1986లో వచ్చిన ఆ పుస్తకానికి కర్తగా ఏ ఒక్కరి పేరూ లేదు, స్త్రీశక్తి సంఘటన అని ఉంది. లోపల మాత్రం తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలు ఎవరివి వారి పేరుతోనే ఉన్నాయి. రాసినవాళ్ళు సమష్టిలో కలిసిపోయారు, చెప్పినవాళ్ళను కలిపేయలేదు. మనం దాన్ని తిరగేశాం. మన పేరు అట్ట మీద, చెప్పినవాళ్ళు ‘పలువురు’.

కృతజ్ఞతల పేజీ గురించి కూడా ఒక మాట. పోలిక లెక్కపెట్టేటప్పుడు ఆ పేజీని మినహాయిస్తారు, నిబంధనల్లోనే ఉంది. టైపు చేసిన భార్యలు, ప్రూఫులు దిద్దిన చెల్లెళ్ళు, అన్నం పెట్టినవాళ్ళు, సమాచారం ఇచ్చిన ముసలమ్మలు అందరూ ఉండేది ఆ లెక్కలోకి రాని పేజీలోనే. గుంటూరు నుంచి ఫోన్ వచ్చిన రాత్రి నా థీసిస్‌లో ఆ పేజీ తీసి చూసుకున్నాను. ఆవిడ పేరు ఉంది. ‘ఆదరించి ఆతిథ్యమిచ్చిన’ వారి వరసలో, నాలుగో పేరు. డి.టి.పి. పనిలో సహకరించిన విద్యార్థిని నాకు గుర్తొచ్చింది. నాకు జరిగినది నాలుగేళ్ళు మోసుకు తిరిగినదాన్ని, అదే పని నా చేత్తో చేసి, వైవాలో అభినందనలు అందుకుని, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. నేర్చుకున్నది అదే మరి.

థీసిస్ ఇప్పుడు పుస్తకంగా వస్తోంది. పట్టికలో జనవరిని జూన్ చేశాను, ఆ తప్పు మొదట నాదేనని కింద రాశాను. నూటపన్నెండో పేజీ మొత్తం తిరగరాసి, ఆవిడకి ఫోన్ చేసి, మీ పేరు ఎలా వేయమంటారని అడిగాను. ఈ పత్రికలో వద్దన్నారు, పుస్తకంలో సరేనన్నారు. “ముందు శ్రీమతి అని తగిలించకు. ఇంటిపేరు మా అమ్మావాళ్ళది వెయ్యి, కథ చెప్పింది మా అమ్మ కనక. ఏ రోజు చెప్పానో తారీకు కూడా వెయ్యి, రేపెవరైనా అడిగితే ఉండాలి” అన్నారు. కాసేపాగి, “కాఫీ సంగతి తీసెయ్యి, అది ఆకరం కాదు” అన్నారు.